టర్బో కారు ఇంటర్‌కూలర్‌ మీద ఏ గ్యాస్ కొట్టాలి? సీఓటూ, నైట్రస్, లేక మామూలు నీళ్లా?

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, అమెరికా డ్రాగ్ రేస్ వీడియోల్లో కారు ముందు నుంచి తెల్లటి పొగ బుస్సుమని కొడతారు కదా, అది మన కారుకి పెట్టించుకోవచ్చా?" ఒక తమ్ముడైతే ఇంకో అడుగు ముందుకేసి, సోడా షాపుకి వచ్చే సీఓటూ సిలిండర్ లాంటిదే 2 కేజీలది ఒకటి మాట్లాడేశాడట. హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో బిగించి, పైపు ముందుకి లాగుతాడట. తమ్ముడూ, ఈ వీడియో పూర్తిగా చూసే దాకా ఆ సిలిండర్‌కి డబ్బులు కట్టకు.

ముందు అసలు వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. సైకిల్ పంపు కొడితే కింద గొట్టం కాలుతుంది కదా, టర్బోలో జరిగేది కూడా అదే. బయట గాలి 35 డిగ్రీలు ఉంది, టర్బో 1 బార్ బూస్ట్ ఇస్తోంది, దాని ఎఫిషియెన్సీ 70 శాతం అనుకోండి. లెక్క వేస్తే బయటికొచ్చే గాలి దాదాపు 130 డిగ్రీలు ఉంటుంది. ఆ గాలిని అలాగే ఇంజిన్‌లోకి పంపితే పెట్రోల్ బండిలో నాకింగ్ మొదలవుతుంది, ఈసీయూ భయపడి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, పవర్ పోతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ ఉన్నది అందుకే. బండి కదులుతుంటే బాగానే పని చేస్తుంది. సిగ్నల్ దగ్గర 2 నిమిషాలు నిలబడితే మాత్రం అది కూడా వేడెక్కి కూర్చుంటుంది. దీన్నే హీట్ సోక్ అంటారు. స్ప్రే అవసరం వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు గ్యాసులు. లిక్విడ్ రూపంలో ఉన్నది ఆవిరైతే చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. సీఓటూ బయటికి రాగానే మంచు పొడిలా మారి మైనస్ 78 దాకా పడిపోతుంది. నైట్రస్ ఆక్సైడ్ మైనస్ 88 దగ్గర మరుగుతుంది. లిక్విడ్ నైట్రోజన్ అయితే మైనస్ 196. నంబర్లు చూస్తే నైట్రోజనే హీరో అనిపిస్తుంది. కానీ దానికి ప్రత్యేకమైన డివార్ ఫ్లాస్కు కావాలి, మూత గట్టిగా బిగిస్తే పేలుతుంది, వదిలేస్తే దానంతటదే ఆవిరైపోతుంది. రోడ్డు బండికి అది కుదరదు, వదిలేయండి. ఎల్‌పీజీ కొడితే ఎలా ఉంటుందని అడిగినవాళ్లూ ఉన్నారు. వెనకాలే ఎర్రగా కాలే టర్బో, ఎగ్జాస్ట్ ఉంటాయి. ఆ మాట ఇంకెప్పుడూ అనకండి.

నైట్రస్ సంగతి కొంచెం తిరకాసు. అది మండదు, కానీ మంటకి ఆక్సిజన్ అందిస్తుంది. బయట కొట్టింది కొంత ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళ్తే మిక్స్చర్ లీన్ అవుతుంది, పిస్టన్‌కి రిస్క్. పైగా ఆసుపత్రుల్లో మత్తుకి వాడే గ్యాస్ అది, క్యాబిన్‌లోకి లీకైతే డ్రైవర్ పరిస్థితి మీరే ఊహించుకోండి. కేక్ షాపుల్లో క్రీమ్‌కి వాడే చిన్న చార్జర్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో 8 గ్రాములు. వాటితో ఇంటర్‌కూలర్ ఏం చల్లబడదు.

అందుకే ట్రాక్ మీద ఎక్కువగా వాడేది సీఓటూ. క్రయో టూ లాంటి కిట్లు దానికోసమే అమ్ముతారు. మండదు, నైట్రస్ కంటే తేలిగ్గా దొరుకుతుంది. ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళ్తే మాత్రం ఆక్సిజన్ జాగా అది ఆక్రమిస్తుంది, పవర్ పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ఇంకోటి, సిలిండర్ లోపల అడుగుదాకా డిప్ ట్యూబ్ లేకపోతే లిక్విడ్ రాదు, పైనున్న గ్యాసే వస్తుంది. దాంతో పెద్దగా చల్లబడదు. లిక్విడ్ వచ్చినా గాలిలో తేమ రెక్కల మధ్య మంచులా పేరుకుని గాలి దారి మూసేస్తుంది.

సరే, ఎంత కావాలి? 150 హార్స్‌పవర్ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో సెకనుకి సుమారు 110 గ్రాముల గాలి పీలుస్తుంది. ఆ గాలిని ఇంకో 20 డిగ్రీలు చల్లబరచాలంటే 10 సెకన్లకి దాదాపు 22 కిలోజౌల్స్ తీసేయాలి. కేజీ సీఓటూ మహా అయితే 230 కిలోజౌల్స్ లాగుతుంది. అంటే ప్రతి చుక్కా పని చేసినా 100 గ్రాములు, సగానికి పైగా గాల్లో పోతుంది కాబట్టి నిజంగా 300, 400 గ్రాములు. 2 కేజీల సిలిండర్ 5, 6 సార్లు నొక్కితే ఖాళీ. డ్రాగ్ రేసులో ఒక రన్ పది పదిహేను సెకన్లే కాబట్టి వాళ్లకి సరిపోతుంది.

నీళ్లు? కేజీ నీళ్లు ఆవిరైతే లాగేది సుమారు 2,400 కిలోజౌల్స్. పది రెట్లు! ఇది కొత్త ఐడియా కూడా కాదు. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఈవో కార్లలో కంపెనీ వాళ్లే వాటర్ స్ప్రే పెట్టి ఇచ్చారు. అయితే నీళ్లకి ఒక హద్దు ఉంది. మన ఇంట్లో కూలర్ లాంటిదే. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉంటే నీళ్లు 24 డిగ్రీల దాకా దించగలవు. వైజాగ్‌లో 34 డిగ్రీలు, తేమ 75 శాతం అంటే 30 దగ్గరే ఆగిపోతుంది. సీఓటూకి ఆ హద్దు లేదు, బయట గాలి కంటే ఎంతో కిందికి దించుతుంది. దాని అసలు ప్లస్ పాయింట్ అదొక్కటే.

ఇప్పుడు తమ్ముడి డిక్కీ దగ్గరికి వద్దాం. సీఓటూ 31 డిగ్రీలు దాటితే సిలిండర్‌లో లిక్విడ్‌గా ఉండదు. 25 డిగ్రీలప్పుడు 64 బార్ ఉన్న ప్రెజర్, నిండుగా నింపిన సిలిండర్‌లో 45 డిగ్రీలకే 100 బార్ దాటిపోతుంది. మీ టైరులో ఉండేది 2 బార్ చిల్లర. మే నెలలో ఎండలో అద్దాలు మూసి పార్క్ చేసిన కారులో 60 డిగ్రీలు మామూలే. తూకం చూడకుండా ఎక్కువ నింపిన సిలిండర్ అయితే వాల్వ్ దగ్గర ఉండే బర్స్ట్ డిస్క్ పగిలి గ్యాస్ మొత్తం బయటికొస్తుంది. సిలిండర్ పేలకుండా డిస్క్ కాపాడింది, కరెక్టే. కానీ హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకి, క్యాబిన్‌కి మధ్య గోడ లేదు. పైన ఉండేది ఒక పార్సిల్ ట్రే.

లెక్క చూడండి. కేజీ సీఓటూ అంటే దాదాపు 550 లీటర్ల గ్యాస్. క్యాబిన్ మొత్తం కలిపి 3,000 లీటర్లు అనుకుందాం. ఫిట్టింగ్ లూజై అర కేజీ లీకైనా గాలిలో 9 శాతం అవుతుంది. 4 శాతమే ప్రాణాపాయం కింద లెక్క. 9 శాతంలో కొద్ది నిమిషాల్లో స్పృహ పోతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. ఏసీ రీసర్క్యులేషన్‌లో పెట్టుకుని ఓఆర్‌ఆర్ మీద 100లో వెళ్తున్నప్పుడు ఆయాసం, తలనొప్పి మొదలైతే గ్యాస్ లీకని ఎవరికి తడుతుంది? వెనక సీట్లో పిల్లలుంటే?

కాబట్టి నా ఓటు రోడ్డు బండికి నీళ్లకే. ట్రాక్ డే కోసం సీఓటూ కావాల్సిందే అంటారా, అధీకృత ఫిల్లింగ్ స్టేషన్‌లో తూకంతో నింపించిన, టెస్ట్ తేదీ దాటని సిలిండర్ వాడండి. సిలిండర్ క్యాబిన్‌తో సంబంధం లేని చోట ఉండాలి, ఇంటికొచ్చే ముందు తీసేయాలి. ఇంకో మాట, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉంది. రోడ్డు బండికి ఏది బిగించే ముందైనా ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఒకసారి కనుక్కోండి.

నీళ్ల సెటప్‌కి పెద్ద ఖర్చు లేదు. పొలంలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల పంపు, ఒక ఫ్యూజు, రిలే, రెండు మిస్ట్ నాజిళ్లు. ధార కొట్టే నాజిల్ వద్దు, నీళ్లు నేల పాలు. పంపు కొత్తది కొనండి, మందు కొట్టిన పాతది తెచ్చి పెట్టొద్దు. బోరు నీళ్లు అసలు పోయొద్దు, రెక్కల మీద తెల్లటి పొర కట్టి ఇంటర్‌కూలర్‌నే చంపేస్తుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు.

కొనే ముందు బానెట్ ఎత్తి మీ ఇంటర్‌కూలర్ ఎక్కడుందో చూడండి. టైగన్, కుషాక్ లాంటి 1.0 టీఎస్‌ఐ బండ్లలో అది కూలెంట్‌తో చల్లబడే రకం, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఉంటుంది. దాని మీద మీరు ఏం కొట్టలేరు. డీజిల్ వాళ్లకి ఈ నాకింగ్ గొడవే లేదు, ముందు రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, దుమ్ము కడిగించండి, అంతే.

ఆ తర్వాత ఓబీడీ డాంగిల్ పెట్టి, ఫోన్ యాప్‌లో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ చూడండి. స్ప్రే లేకుండా ఒకసారి, స్ప్రేతో ఒకసారి, అదే రోడ్డు, అదే టైమ్. కొన్ని బండ్లలో ఆ సెన్సర్ టర్బోకి ముందే ఉంటుంది, అలాంటప్పుడు నంబర్ మారదు, కంగారు పడకండి. స్క్రీన్‌షాట్లు కామెంట్స్‌లో పెట్టండి, బండి పేరు, ఊరి పేరు రాయండి. వైజాగ్ వాళ్లవి, నిజామాబాద్ వాళ్లవి పక్కపక్కన పెట్టి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. తమ్ముడూ, నువ్వు ఆ సిలిండర్ సంగతి ఏం చేశావో కూడా రాయి. ఉంటా మరి.