గండిపేట దాటి గోదావరి దాకా

ఇవాళ పొద్దున మీ ఇంటి నల్లాలో పడ్డ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? హైదరాబాదువారైతే బహుశా కృష్ణ నుంచో గోదావరి నుంచో వచ్చి ఉంటాయి.

మొదట్లో అంత దూరం వెళ్లే పని లేదు. 1908లో మూసీ వరద ఊరిని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. 1920లో పూర్తయిన గండిపేట వరదను ఆపడమే కాదు, నాలుగైదు లక్షల జనానికి మంచినీళ్లూ ఇచ్చింది. మోటార్లతో పనిలేకుండా నీరు పల్లానికి పారుతూ ఊళ్లోకి వచ్చేది. జనం పెరిగారు. 1965లో మంజీరా, 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చాయి. కృష్ణనీళ్లు వచ్చే నాగార్జునసాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. హైదరాబాదు అంతకంటే వెయ్యి అడుగులకు పైగా ఎత్తులో ఉంది. బిందెడు కృష్ణనీళ్ల వెనక ఎంత కరెంటు ఖర్చుందో చూడండి.

దేశం లెక్కా ఇంతే. 1951లో మనిషికి ఏడాదికి 5,177 ఘనపు మీటర్ల నీరు ఉండేది, 2011కి 1,545కు దిగింది. వానలు తగ్గి కాదు, 36 కోట్ల మంది 121 కోట్లయ్యారు గనక.

అలాగని తప్పంతా జనాభాదే అంటే నేనొప్పుకోను. హైదరాబాదులో మన కాళ్ల కింద ఉన్నది నల్లరాయి. పైనున్న మెత్తని పొరలో నీరు నిలుస్తుంది, లోపల రాతి పగుళ్లలోనే కాస్త దొరుకుతుంది. వాకిలంతా సిమెంటు చేసేస్తే వాన నీరు మోరీలో కలుస్తుంది. ఆ తర్వాత వెయ్యి అడుగుల బోరు వేసినా పగులు తగలడం అదృష్టమే. తగిలితే పక్కింటివారి బోరు ఎండిపోవచ్చు.

అందుకే ఇంకుడు గుంత. ఇంటి పర్మిషన్ కోసం తవ్వించి, ఆ తర్వాత దానిమీదే స్కూటరు పెట్టుకునేవాళ్లే ఎక్కువ! డాబా మీది వాన గొట్టం దిగేచోట తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, అన్నిటికీ పైన ఇసుక పోస్తారు. ఏడాదీ రెండేళ్లకు ఇసుకలో ఒండ్రు పేరుకుని నీరు ఇంకడం మానేస్తుంది. మృగశిర కార్తె లోపే పై ఇసుక తీయించి, కడిగించి, మళ్లీ పోయించండి. బట్టలుతికిన నీళ్లు, బాత్రూం నీళ్లు మాత్రం అందులోకి వదలకండి. అవి చేరేది మీ బోరులోకే.