వేషం దింపిన తర్వాత : షాన్ కానరీ జీవితం
(మాసాంతర సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)



ప్రతి సమావేశంలోనూ డి.ఏ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించే మాట్లాడుకుంటున్నాం, ఈసారి ఎవరైనా ఒక కళాకారుడి గురించి చెప్పండి అని కార్యదర్శిగారు అడిగారు. నేను షాన్ కానరీ పేరు చెప్పగానే ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. "ఎస్.వి. రంగారావుగారో, ఘంటసాలగారో అయితే బాగుండేది కదండీ" అన్నారు. వారి గురించి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఈ సభలో చాలామంది ఉన్నారు. స్కాట్లండు నటుడి గురించి అయితే నాకు పోటీ ఉండదని ధైర్యం చేశాను.

ఇంకొక కారణం కూడా ఉంది. అది చెప్పి అసలు విషయానికి వస్తాను. నేను రిటైరైన మూడో నెలలో ఏదో కాగితం కోసం నా పాత ఆఫీసుకే వెళ్ళాను. ఎల్.డి.సి.గా చేరి ముప్పై అయిదేళ్ళు పనిచేసిన చోటు. గుమ్మంలో కొత్త అటెండరు ఉన్నాడు. "ఎవరండీ మీరు, ఏం పని?" అన్నాడు. అతని తప్పేమీ లేదు. కాని నేనెవరో చెబుదామని నోరు తెరిస్తే "ఇక్కడ సీనియర్ అసిస్టెంటుగా చేశాను" అన్న మాట తప్ప మరొకటి రాలేదు. చేశాను అన్నది గడిచిపోయిన మాట. మరి ఇప్పుడో? ఇంటికి వచ్చే దాకా బస్సులో అదే ఆలోచన.

కొన్నాళ్ళకు మా అబ్బాయి తెచ్చిన ఒక పుస్తకం చదివాను. 2008లో కానరీ తన స్వదేశం గురించి మరొకరితో కలిసి రాసినది. అందులో ఒక సంగతి ఉంది. ఎడిన్‌బరో నగరంలో చలనచిత్రోత్సవానికి వచ్చి ఆయన టాక్సీ ఎక్కారట. దారిలో వచ్చే ప్రతి వీధి పేరూ ఆయన చెబుతూ ఉంటే డ్రైవరు ఆశ్చర్యపోయి, ఎలా తెలుసని అడిగాడట. చిన్నప్పుడు ఈ వీధుల్లోనే పాలు పోశానని ఈయన జవాబు. అయితే ఇప్పుడేం చేస్తుంటారని డ్రైవరు అడిగాడట. దానికి జవాబు చెప్పడం అంత తేలిక కాలేదని కానరీయే రాసుకున్నారు. ప్రపంచమంతా గుర్తుపట్టే మనిషికీ అదే ప్రశ్న, నాకూ అదే ప్రశ్న. అందుకే ఈయన జీవితం మీద ఆసక్తి కలిగింది.

థామస్ షాన్ కానరీ 1930 ఆగస్టు 25న ఎడిన్‌బరోలోని ఫౌంటెన్‌బ్రిడ్జి అనే పేట‌లో పుట్టారు. తండ్రి ఫ్యాక్టరీ కార్మికుడు, తర్వాత లారీ డ్రైవరు. తల్లి ఇళ్ళలో శుభ్రం చేసే పనికి వెళ్ళేవారు. ఇరుకు వాటాలు, చాలా కుటుంబాలకు కలిపి ఒకటే మరుగుదొడ్డి. పసివాణ్ణి పడుకోబెట్టడానికి ఉయ్యాల లేక బీరువా అడుగు అరలో పడుకోబెట్టారని ఆయన జీవిత చరిత్రల్లో రాశారు. పదమూడు పద్నాలుగేళ్ళకే బడి మానేసి, గుర్రపు బండి మీద పాలు పోసే పనిలో చేరారు. ఆ పాల సంస్థ ఒక సహకార సంఘం.

పదహారో ఏట నౌకాదళంలో చేరారు. మూడేళ్ళు తిరిగేసరికి పేగులో పుండు పడి ఇంటికి పంపించేశారు. మన సర్వీసు రూల్సు భాషలో చెప్పాలంటే మెడికల్ ఇన్‌వాలిడేషన్. నౌకాదళంలో ఉండగా చేతి మీద పొడిపించుకున్న రెండు పచ్చబొట్లు మాత్రం చివరిదాకా మిగిలాయి. ఒకటి అమ్మా నాన్నల పేరు మీద, రెండవది స్కాట్లండు పేరు మీద. ఆ తర్వాత చేయని పని లేదు. లారీ నడిపారు, కూలిపని చేశారు, శవపేటికలకు పాలిష్ పెట్టారు, చిత్రకళ కళాశాలలో విద్యార్థులు బొమ్మ గీసుకోవడానికి గంటల తరబడి కదలకుండా నిలబడ్డారు.

వ్యాయామం చేసి పెంచిన శరీరం ఆయనను లండనుకు తీసుకువెళ్ళింది. దేహదారుఢ్య పోటీలకు వెళ్ళినప్పుడు, ఒక సంగీత నాటకంలో బృందగానానికి బలిష్ఠులైన యువకులు కావాలని తెలిసి అందులో చేరారు. ఆ నాటకంతో ఊరూరా తిరుగుతుండగానే మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు మేనేజరు ఆయన ఆట చూసి, తమ జట్టులోకి రమ్మన్నారు. ఫుట్‌బాల్ ఆటగాడికి ముప్పై ఏళ్ళకే వయసు అయిపోతుంది, తనకు అప్పటికే ఇరవై మూడు అని లెక్క వేసుకుని నటననే ఎంచుకున్నానని కానరీ చెప్పుకున్నారు. ఎంత సర్వీసు మిగిలి ఉందో ముందే లెక్క వేసుకున్న మనిషి!

ఆ నాటక బృందంలో రాబర్ట్ హెండర్సన్ అనే అమెరికన్ నటుడు ఉండేవారు. బడి మానేసిన ఈ కుర్రవాడికి ఆయన ఒక పుస్తకాల జాబితా ఇచ్చారు. టాల్‌స్టాయ్, ఇబ్సెన్, ప్రూస్ట్, జేమ్స్ జాయిస్ — అన్నీ పెద్ద పుస్తకాలే. నాటకం ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరి గ్రంథాలయంలో కూర్చుని కానరీ అవి చదివారు. ఈ ఒక్క సంగతి మన మనవలకు చెప్పదగినది. ఆయనకు డిగ్రీ లేదు, చదువు ఉంది.

1957లో బి.బి.సి. టెలివిజన్‌లో ఒక బాక్సర్ పాత్రతో పేరు వచ్చింది. 1962లో 'డాక్టర్ నో' విడుదలైంది. జేమ్స్ బాండ్, 007. మనకు పి.పి.ఓ. నంబరు ఎలాగో ఆయనకు ఆ నంబరు అలాగ, జీవితాంతం వెంటే ఉంది. బాండ్ కథలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్‌కు మొదట ఈ నటుడు నచ్చలేదు. తన నాయకుడు పెద్దింటి పెద్దమనిషి, ఈయనేమో మొరటువాడు అనుకున్నారు. దర్శకుడు టెరెన్స్ యంగ్ ఈ పాలవాణ్ణి తన దర్జీ దగ్గరికి తీసుకువెళ్ళి సూట్లు కుట్టించి, ఎలా నడవాలో, ఎలా భోజనం చేయాలో నేర్పించారు. సినిమా చూశాక ఫ్లెమింగ్ మనసు మార్చుకోవడమే కాక, తర్వాతి పుస్తకంలో బాండ్‌కు స్కాట్లండు తండ్రిని కల్పించారు. పాత్రే నటుడికి తగ్గట్టు మారిందన్నమాట.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సికింద్రాబాదులో 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' మళ్ళీ వేస్తే, నలుగురు గుమాస్తాలం కలిసి రెండో ఆటకు వెళ్ళాం. ఇంగ్లీషు సగమే అర్థమైంది. మర్నాడు ఆఫీసులో మాలో ప్రతివాడూ ఫైలు పట్టుకుని కొంచెం భుజాలు విరిచి నడిచాడు. అయితే అప్పుడు మాకు తెలియని సంగతి ఒకటుంది. బాండ్ సినిమాల్లో తెర మీద కనిపించే ఆ ఒత్తయిన జుట్టు విగ్గు. ఆయనకు అప్పటికే జుట్టు పలచబడింది.

విగ్గు తీసి పక్కన పెట్టవచ్చు. బాండ్‌ను పెట్టడం కష్టమైంది. జపానులో 1967 నాటి సినిమా తీస్తున్నప్పుడు విలేఖరులు మరుగుదొడ్డి దాకా వెంటపడ్డారట. ఎక్కడికి వెళ్ళినా ఆయన కానరీ కాదు, బాండే. విసిగి ఆ వేషం మానుకున్నారు. 1971లో 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' కోసం మళ్ళీ పిలిచి పన్నెండున్నర లక్షల డాలర్లు ఇస్తామన్నారు. అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. ఆయన ఆ డబ్బును స్కాట్లండు యువతీయువకుల చదువుల కోసం తాము స్థాపించిన ట్రస్టుకు ఇచ్చేశారు. బడి మానేసిన పిల్లవాడు చేసిన పని అది.

ఉద్యోగులమైన మనకు నచ్చే సంగతి మరొకటి ఉంది. బాండ్‌గా వెలిగిపోతున్న 1967లోనే ఆయన గ్లాస్గోలోని ఒక ఓడల నిర్మాణ కర్మాగారానికి వెళ్ళి, యాజమాన్యమూ కార్మికులూ కలిసి పనిచేయడానికి చేస్తున్న ఒక ప్రయత్నం మీద డాక్యుమెంటరీ తీశారు. దర్శకత్వం ఆయనదే. 'ద బౌలర్ అండ్ ద బన్నెట్' దాని పేరు. బౌలర్ అంటే దొరలు పెట్టుకునే టోపీ, బన్నెట్ అంటే కూలివాడి టోపీ. ఏ టోపీ పెట్టుకున్నవాడికి ఏ గౌరవం దక్కుతుందన్నదే ప్రశ్న. తన విషయంలోనూ ఆయన అలాగే నిలబడ్డారు. ఒక సినిమా ఆదాయంలో తమకు రావలసిన వాటా సరిగా లెక్క కట్టలేదని సహనటుడు మైకేల్ కెయిన్‌తో కలిసి 1978లో కోర్టుకు వెళ్ళారు. బకాయి బకాయే, ఎవరిదైనా.

ఆ సినిమా 1975లో వచ్చిన 'ద మాన్ హూ వుడ్ బి కింగ్'. కిప్లింగ్ కథ. చిత్రీకరణ మొరాకోలో జరిగినా, కథ బ్రిటిషు వారి కాలపు మన దేశంలో మొదలవుతుంది. మన సయీద్ జాఫ్రీ కూడా ఒక మంచి పాత్ర వేశారు. ఇద్దరు మాజీ సైనికులు కొండలు దాటి కాఫిరిస్తాన్ అనే చోటికి వెళతారు. అక్కడివారు కానరీని దేవుడనుకుని రాజును చేస్తారు. ఆయనా కొన్నాళ్ళకు తాను దేవుణ్ణే అనుకోవడం మొదలుపెడతాడు. పెళ్ళినాడు చెంప మీద చిన్న గాటు పడి నెత్తురు కారేసరికి, మనిషే అని తెలిసిపోతుంది. ప్రాణం పోతుంది. కుర్చీని తనే అనుకున్నవాడి గతి అది. అటువంటి అధికారులను మనమంతా చూసే ఉంటాం. పేర్లు వద్దు.

ఆ తర్వాత ఆయన విగ్గు తీసేసి, తెల్లగడ్డంతో ముసలి పాత్రలు వేశారు. 1986లో 'ద నేమ్ ఆఫ్ ద రోజ్'లో సన్యాసి. 1987లో 'ద అన్‌టచబుల్స్'. అందులో ఆయన షికాగోలో ప్రమోషన్ లేకుండా, ఆ వయసులోనూ వీధుల్లో బీటు తిరిగే ముసలి పోలీసు. లంచం తినని వాడు. ఆ పాత్రకే 1988లో ఆస్కార్ వచ్చింది. అప్పటికి ఆయన వయసు 57. గమనించండి, మనలో చాలామంది రిటైర్మెంటు తేదీ లెక్కపెట్టుకునే వయసు. 007కు రాని బహుమతి ప్రమోషన్ లేని బీటు పోలీసుకు వచ్చింది. 1989లో హారిసన్ ఫోర్డ్‌కు తండ్రిగా వేశారు. నిజానికి వయసులో తేడా పన్నెండేళ్ళే. తర్వాతి ఏడాది రష్యా జలాంతర్గామి కెప్టెన్ పాత్ర వేసినా మాట మాత్రం స్కాట్లండు యాసే. ఎన్ని జిల్లాలకు బదిలీ అయినా సొంత ఊరి యాస వదలని వారు మన సంఘంలోనూ ఉన్నారు.

ఆయనలో మంచే ఉందని చెప్పను. ఆడవారి మీద చెయ్యి చేసుకోవడం తప్పు కాదన్నట్టు 1965లో ఒక పత్రికతో అన్నారు, 1987లో టెలివిజన్‌లో సమర్థించుకున్నారు. మొదటి భార్య తన ఆత్మకథలో ఆయన తనను కొట్టారని రాశారు. ఆయన కాదన్నారు. ఎంత అభిమానమున్నా ఆ మాటలు అంగీకరించదగినవి కావు. స్కాట్లండు స్వాతంత్ర్యం కోరుతూ విదేశాల్లో కాపురం ఉండడం మీద కూడా విమర్శలు వచ్చాయి. 2000 సంవత్సరంలో రాణిగారు సర్ బిరుదు ఇచ్చినప్పుడు మాత్రం లండనులో కాదు, తాను పుట్టిన ఎడిన్‌బరోలోనే, స్కాట్లండు దుస్తుల్లో వచ్చి అందుకున్నారు.

2003 తర్వాత తెర మీద కనిపించలేదు. హారిసన్ ఫోర్డ్ తండ్రిగా మళ్ళీ రమ్మని పిలిస్తే, విశ్రాంత జీవితం చాలా సరదాగా ఉందని, రానని 2007లో చెప్పారు. చివరి ఏళ్ళలో మతిమరుపు వ్యాధి వచ్చింది. 2020 అక్టోబరు 31న, తొంభయ్యో ఏట, బహామాస్ దీవుల్లో నిద్రలోనే కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజుల్లోనే నేను లైఫ్ సర్టిఫికెట్టు కాగితాలు సర్దుకుంటున్నాను. కరోనా రోజులు. బతికి ఉన్నానని రాసి సంతకం పెడుతుంటే చెయ్యి కొంచెం ఆగింది.

ఇప్పుడు టాక్సీ డ్రైవరు ప్రశ్నకు వస్తాను. గత మంగళవారం మన సంఘం గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఉండగా, చనిపోయిన ఒక అటెండరు భార్య వచ్చారు. కుటుంబ పెన్షను కాగితాలు రెండుసార్లు తిప్పి పంపారట. ఆమె నన్ను ఏ పోస్టులో రిటైరయ్యారని అడగలేదు. "ఈ కాగితం రాయడం మీకు వచ్చాండీ?" అని అడిగారు. వచ్చమ్మా అన్నాను. ఇద్దరం సాయంత్రం దాకా కూర్చుని పూర్తి చేశాం.

ఇప్పుడేం చేస్తున్నారని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకొక మాట దొరికింది. మీలో ప్రతి ఒక్కరి దగ్గరా అటువంటి మాట ఒకటి ఉంటుంది. లేకపోతే మంగళవారాలు సంఘం గదికి రండి. కాగితాలు చాలా ఉన్నాయి, రాసేవాళ్ళే తక్కువగా ఉన్నారు.