తాయిలం వద్దు, మా వాటా లెక్క చెప్పండి

(అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతులం. మా అమ్మానాయనలకు వేలిముద్రే సంతకం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. సర్కారు హాస్టల్లో తిని, స్కాలర్‌షిప్పు మీద చదివినం. అందుకే "ఉచితాలతో దేశం గుల్లయిపోతోంది" అని ఎవరైనా అంటే ముందు ఒక మాట అడుగుతాం. ఏది ఉచితం? ఎవరికి ఉచితం?

2022 జూలైలో ప్రధానమంత్రి 'రేవడీ సంస్కృతి' అన్నారు. ఓట్ల కోసం మిఠాయి పంచుతున్నారని అర్థం. మంచిదే. కానీ 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను మూల రేటును 30 శాతం నుంచి 22 శాతానికి దించింది ఆయన ప్రభుత్వమే. ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్ల రాబడి పోతుందని ఆనాడు ప్రభుత్వమే చెప్పింది. దాని పేరు ప్రోత్సాహకమట! కూలితల్లికి బియ్యం ఇస్తే తాయిలమట! 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం మాట మీద ఓట్లడిగిండు, నిజమే. కానీ ఆ బియ్యం వచ్చినంక మన పల్లెల్లో దొర గడప ముందు గింజలకు నిలబడే బాధ కొంత తగ్గింది. ఆకలి తీర్చేదాన్ని, బడిని, దవాఖానాను తాయిలమంటే మేం ఒప్పుకోం.

అట్లని మన కండ్ల ముందు జరిగేదాన్ని కప్పిపుచ్చుకుందామా? 2021 అక్టోబర్‌లో హుజూరాబాద్ ఉప ఎన్నిక వచ్చింది. పక్కింటికి నోట్ల కవరు వచ్చింది, మాకు రాలేదని ఆడోళ్లు రోడ్డు మీదికొచ్చి అడగడం టీవీల్లో అందరం చూసినం. అడిగినోళ్లను చూసి నవ్వినవాళ్లున్నారు. పంచినోళ్లను అడిగినవాళ్లు ఎందరు?

ఆ ఉప ఎన్నికకు ముందే, ఆగస్టులో, అదే నియోజకవర్గంలో దళితబంధు మొదలైంది. ఇంటికి 10 లక్షలు. ఇయ్యొద్దని మేం అనం. తరతరాల వెట్టికి అది ఏపాటి? కానీ అడగాల్సింది అడగాలె. 2014లో చెప్పిన మూడెకరాల భూమి ఏమైంది? కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగింది. దళితబంధుకు 2022-23 బడ్జెట్లో 17,700 కోట్లు రాసిండ్రు. 2023-24లోనూ అదే అంకె రాసిండ్రు. కాగితం మీది సొమ్ము కాగితం మీదే నిలిచింది, వాడకు రాలేదు. పేర్లు ఎవరు రాయాలి? ఎమ్మెల్యే రాయాలన్నారు. కొందరు ఎమ్మెల్యేలు లబ్ధిదారుల దగ్గర వసూళ్లు చేసిండ్రని 2023 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రే తన పార్టీ సమావేశంలో అన్నాడు. అదే ఏడు ఆగస్టులో చేవెళ్లలో ఇంకో పార్టీ 12 లక్షలంది. మన బతుకుల మీద వేలంపాట!

2018లో వచ్చిన రైతుబంధు చూడండి. ఎకరానికి ఇంత. పట్టా ఉన్నోడికే ఇచ్చిండ్రు. ఎన్ని ఎకరాలకైనా సరే, హద్దు లేకుండె. ఎక్కువ భూమి ఉన్న దొరకు ఎక్కువ పైసలు. ఆ భూమి కౌలుకు దున్నే మన తమ్ముడికి సున్న. దీన్ని తాయిలమని పేపర్లు ఎంత గట్టిగా రాసినయో మీకే తెలుసు.

ఇక ఖజానా సంగతి. సర్కారుకు వచ్చే రాబడిలో జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీలు ముందు పోతాయి. మిగిలిన దానిలోంచే కొత్త హామీలు తీర్చాలి. చాలకపోతే కోత దేనిమీద? అరవలేని వాళ్ల మీద. హాస్టల్ పిల్లల మెస్ బిల్లు ఆగుతుంది. స్కాలర్‌షిప్పు ఆగుతుంది. బడిలో పంతులు పోస్టు ఖాళీగా ఉంటుంది. కర్ణాటకలో 2023-24లో అయిదు గ్యారంటీలకు ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక నుంచి సుమారు 11 వేల కోట్లు లెక్కగట్టిండ్రు. లబ్ధిదారుల్లో దళితులూ ఉన్నారు గదా అన్నారు. అందరికీ ఇచ్చేదాన్ని మన వాటాలో రాస్తే, మన వాటా ఎక్కడుంది? ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టి దానం చేసినమంటున్నారు.

మా బళ్లో చదివిన ఒక బిడ్డ సంగతి చెప్తాం. ఇంజనీరింగ్ అయిపోయింది. ఫీజు బకాయి సర్కారు నుంచి రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపిండ్రు. ఓట్ల ముందు రోజు రాత్రి వాళ్లింటికి కవరు వచ్చింది. ఆ తల్లి మమ్మల్ని అడిగింది, "సారూ, ఇది తీసుకోవాల్నా?" అని. ఒకటో తారీఖు జీతం తీసుకునే మాకు, వద్దమ్మా అనడానికి నోరు రాలేదు. ఆమె తీసుకుంది. గెలిచినంక బిడ్డ ఫీజు సంగతి అడగబోతే ఆ నాయకుడి మనిషి అన్నమాట: "పైసలు తీసుకున్నవ్ గదా, ఇంకేంది?"

ఆ రాత్రి మేం నోరు మూసుకోవడం తప్పు. ఇయ్యాల మీ ముందర ఒప్పుకుంటున్నాం. ఆ ఒక్క మాటలో అంతా ఉంది. కవరు ఇచ్చినోడు ఓటు కొనుక్కోవడమే కాదు, అయిదేండ్లు మనం అడగబోయే ప్రశ్నను కూడా కొనుక్కుంటున్నాడు. బాబాసాహెబ్ 1949 నవంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇదే. ఓటులో అందరం సమానం, బతుకులో అసమానం. ఈ వైరుధ్యాన్ని ఎక్కువ కాలం సాగనిస్తే ప్రజాస్వామ్యానికే ముప్పు అన్నాడు.

కోర్టులు ఆపుతాయా? ఓటుకు నోటు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం లంచమే. మేనిఫెస్టో హామీ ఆ లంచం కిందికి రాదని 2013 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, నియమాలు రాయమని ఎన్నికల సంఘానికి అప్పజెప్పింది. నియమాలు వచ్చినయి. కవర్లు ఆగలేదు.

కాబట్టి మన పని మనమే చెయ్యాలె. జనాభా నిష్పత్తిలో బడ్జెట్టులో మన వాటా పెట్టాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. అది ఎవరి దయా కాదు, కొట్లాడి తెచ్చుకున్న చట్టం. ఓటడగ వచ్చినోడిని వాడ నడుమ నిలబెట్టి మూడు అడుగుదాం. మన వాటాలో ఎంత పెట్టిండ్రు? ఎంత ఖర్చయింది? మన పేరు మీద రాసి ఎక్కడికి మళ్లించిండ్రు? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడదాం. అర్జీ రాయడం రానివాళ్లు మా బడికి రండి, సాయంత్రం అయిదు దాటినంక ఎప్పుడైనా కూర్చుని రాసిపెడతాం. మొదటి అర్జీ ఆ బిడ్డ ఫీజు మీద పెడదాం.

జై భీమ్!