ట్రాక్టరు షెడ్డుకూ కావలిగంట



దొంగలొస్తే మోగే అలారం ఇప్పుడు పల్లెల్లోనూ కొందరి ఇళ్ళలో ఉన్నది. బీరువాకు కాపలా దొరికింది, సంతోషమే. మరి దొడ్లో విడిగా ఉన్న షెడ్డు మాటేమిటి? ట్రాక్టరు, బ్యాటరీ, నీళ్ళ మోటారు, రాగితీగ, అన్నీ అక్కడే గదా ఉండేది!

నిరుడు ఒక రైతు అడిగితే, ఇంటి అలారాన్ని షెడ్డుకు నేనే దగ్గరుండి కలిపించాను. తలుపు తీస్తే తీగలు కలిసి గంట మోగే పద్ధతి అది. తీగను కర్రల మీదుగా లాగించాను. దొంగ ముందు తీగ కోశాడు, తరువాత తలుపు తీశాడు. గంట మోగలేదు, మోటారు పోయింది. తప్పు నాది. మీకది జరగకూడదనే ఈ నాలుగు మాటలూ.

తలుపు మూసి ఉన్నంతసేపూ తీగలో కొద్దిపాటి కరెంటు తిరుగుతూ ఉండవలెను. తలుపు తీసినా, తీగ తెగినా అది ఆగుతుంది. ఆగితే గంట మోగుతుంది. చేలో కావలివాని కేక వినబడుతున్నంతసేపూ మనకు నిశ్చింత. కేక ఆగితేనే గదా లేచి చూస్తాం! ఇదీ అట్లాంటిదే.

తలుపు రెక్కకు అయస్కాంతం, ద్వారబంధానికి స్విచ్చి బిగించాలి. ఇనుప తలుపయితే ఇనుముకు పనికివచ్చే రకమే అడగండి. తీగ చివర, స్విచ్చి దగ్గరే, చిన్న రెసిస్టరు పెట్టించండి. అప్పుడు దొంగ మధ్యలో రెండు తీగలనూ కలిపినా అలారం పెట్టె పసిగడుతుంది. రెసిస్టరును ఇంట్లో పెట్టె దగ్గర పెడితే ఆ ప్రయోజనం ఉండదు. ఏ విలువగలది కావాలో పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

తీగను గొట్టంలో దూర్చి అడుగున్నర లోతున పూడ్చండి. దున్నే చోటయితే ఇంకా లోతుగా. 230 వోల్టుల తీగను మాత్రం అదే గొట్టంలో పోనీయకండి. ఇల్లు మోగిందో, షెడ్డు మోగిందో తెలిసేటట్లు పెట్టెలో షెడ్డుకు వేరే జోను ఇప్పించండి. కరెంటు పోయినా పనిచేయడానికి పెట్టెలో బ్యాటరీ ఉండి తీరవలెను.

తీగలేని రకాలూ వస్తున్నాయి. అయితే రేకుల షెడ్డులో సంకేతం అడ్డగించబడవచ్చు. తలుపులన్నీ మూసి, ఇంటికి అందుతున్నదీ లేనిదీ చూచుకున్నాకనే కొనండి.

పని అయిన రోజున అలారం పెట్టి, తలుపు తీసి చూడండి. తరువాత షెడ్డు వద్ద తీగను ఊడదీసి కూడా చూడండి. రెండుసార్లూ మోగితేనే బిగించినవానికి కూలి ఇవ్వండి. ఆనాడు నేను ఆ రెండో పరీక్ష చేయలేదు. మీరు తప్పక చేయండి.