ఫ్రెంచి పలుకు, తెలుగు నోరు

మైపాడు తీరమున, వలలు ఆరవేసిన ఇసుకమీద కూర్చుండి, మేము ఫ్రెంచి వ్యాకరణమును వల్లించిన దినములు కలవు. ఇంగ్లీషున వ్రాసిన పుస్తకమొకటి, నిఘంటువొకటి, ఇవియే మా గురువులు. రెండేండ్లలో క్రియారూపములన్నియు కంఠస్థమైనవి. తప్పులేక జాబు వ్రాయగలవారమైతిమి. ఆ ధైర్యముతో పుదుచ్చేరికి పోయి, ఫ్రెంచి మాటలాడువారి ఇంట భోజనమునకు కూర్చుండి, చేప మిక్కిలి రుచిగా నున్నదని చెప్పబోతిమి. ఇంటివారు ఒకరి మొగమొకరు చూచుకొనిరి.

చేపను వారు 'ప్వాసోఁ' అందురు. మేము 'ప్వాజోఁ' అంటిమి. ఆ మాటకు విషమని అర్థము. వ్రాతలో ఈ రెంటికిని భేదము ఒక్క అక్షరమే. చేపకు 'ఎస్' రెండు, విషమునకు ఒకటి. రెండచ్చుల నడుమ ఒంటరిగా నిలిచిన 'ఎస్' ఉర్దూ 'జమీన్' లోని జకారమువలె పలుకును. ఈ సూత్రము మేము చదివినదే. మా నోరు మాత్రము చదువలేదు. వారు నవ్వి ఊరకుండిరి గాని, చేపలు పట్టు తీరమున పుట్టి చేప పేరే చెప్పలేకపోతిమను సిగ్గుచేత మేము ఒక సంవత్సరము ఫ్రెంచికై పెదవి విప్పలేదు.

ఈ సిగ్గు మా ఒక్కరిది కాదు. ఇంటర్మీడియేటులో ద్వితీయభాషగా ఫ్రెంచి తీసికొని మంచి మార్కులు తెచ్చుకొను పిల్లలు నేడు కలరు. వారిలో పలువురు వ్రాయుదురు, పలుకరు. పైచదువులకై ఫ్రాన్సు పోదలచినవారు పలువురు 'డెల్ఫ్' అను పరీక్షకు కూర్చుందురు. అందు వినికిడి, పఠనము, లేఖనము, సంభాషణము అను నాలుగు భాగములకును తలకు 25 మార్కులు. మొత్తము 50 వచ్చినను, ఏ ఒక్క భాగమున 5 రాకున్నను తప్పినట్లే. నోరు మూసికొన్నవానిని కలము గట్టెక్కింపజాలదు.

అసలు తెలుగు నోటికి ఈ భాష కొత్తది కాదు. గోదావరి పాయ ఒడ్డున నున్న యానాం, నడుమనడుమ ఇంగ్లీషువారి చేతికి పోయి వచ్చినను, 1954 జూన్ 13 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆ భాషలో చదువుకొని ఆ ప్రభుత్వమున కొలువు చేసిన తెలుగువారు అక్కడ ఎందరో కలరు. ఫ్రెంచి పోలీసు కొలువు చేసిన దడాల రఫేల్ రమణయ్యగారే విలీనోద్యమమునకు ముందు నిలిచిరి. 1956 మే 28న సంతకమై 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చిన ఒప్పందము, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించువరకు ఆ ప్రాంతములందు ఫ్రెంచి అధికారభాషగా నుండునని చెప్పినది.

మరి మనకేల ఇంత బెదురు? ఇంగ్లీషు ద్వారమున ఫ్రెంచిలో ప్రవేశించుటయే మొదటి కారణమని మా అభిప్రాయము. ఇంగ్లీషు అలవాటుచేత 'టి' కనబడగానే టకారము, 'డి' కనబడగానే డకారము పలుకుదుము. ఫ్రెంచివారివి మన త, ద లవంటి దంత్యములు. ఇంగ్లీషువాడు శ్రమపడి నేర్వవలసినది మనకు ఉగ్గుపాలతో వచ్చినది; దానిని మనమే విడిచి పెట్టుచున్నాము.

రెండవది అరసున్న. పాత పుస్తకములలో 'వాఁడు' అని వ్రాసియుండగా చూచి, ఇది ఎందులకని పిల్లలు విసుగుకొందురు. ఫ్రెంచిలో అది సజీవముగా నున్నది. గాలి 'వాఁ', ద్రాక్షసారాయము 'వేఁ', మంచిది 'బోఁ'. అచ్చు ముక్కున పలుకవలెను గాని తుదిని నకారము, మకారము తగులరాదు. 'బోన్' అన్నచో అది స్త్రీలింగరూపమగును.

ఇంక సంధి. పదము చివర హల్లు వ్రాసి, పలుకకుండుట చూచి మొదట మాకు కోపము వచ్చినది. 'పారిస్' కాదట, 'పారీ' యట! కాని 'లే' అను పదము తరువాత 'ఆమీ' వచ్చెనా, దాగిన హల్లు బయటపడి 'లేజామీ' అగును. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున ద్రుతమును చదివినవారికి ఇది వింత కాదు. 'వచ్చె' అని ఆగినచోట దాగిన నకారము 'వచ్చెనతడు' అన్నచోట పైకి వచ్చుట లేదా? ఏకవచనమున 'ల', 'ఆమీ' కలిసి 'లామీ' అగుట మన ఉత్వసంధికి చుట్టమే. ఈ పోలిక తట్టిన నాటినుండి మాకు సగము భయము తీరినది.

మనకు నిజముగా లేని ధ్వనులు కొన్ని కలవు. 'ఈ' అనుచు నాలుకను కదల్పక, పెదవులను మాత్రము 'ఊ' అనునట్లు చుట్టినచో ఒక అచ్చు పుట్టును. అది రానివాడు 'నీవు' అనబోయి 'అంతయు' అనును. రేఫము గొంతున పుట్టును. ఉర్దూ మాటలాడు ఇంటివారు 'గరీబు' లోని మొదటి అక్షరమును పలుకు తీరు దానికి దగ్గర.

వ్రాతకు శ్రుతలేఖనమును మించిన సాధనము మేమెరుగము. నేను పలుకుదును, నీవు పలుకుదువు, వారు పలుకుదురు అను మూడింటను క్రియ వినుటకు ఒక్కటే, 'పార్ల్'. వ్రాయుటకు మూడు విధములు. చెవియు కలమును కలిసి పనిచేయనిదే ఇది పట్టుబడదు. రేడియో ఫ్రాన్స్ ఇంటర్నేషనల్ వారు నేర్చుకొనువారికై సులభమైన ఫ్రెంచిలో వార్తలు వినిపించుచున్నారు. మేము దినమునకు పది వాక్యములు విని, నిలిపి, బిగ్గరగా పలికి, పిదప వ్రాసితిమి. తొలుత తెలుగు లిపిలో గురుతులు పెట్టుకొంటిమి. మూడు నెలలకు వానిని విడిచితిమి. అంతకు మించినచో ఊతకఱ్ఱయే కాలికి అడ్డము.

ఒక చిన్న మాట. 'మేము', 'మనము' అను భేదము ఫ్రెంచివారికి లేదు. రెంటికిని 'నూ' యే. ఈ ప్రసంగము ఫ్రెంచిలో చేసినచో, ఆ తప్పులలో మిమ్ములను కూడ చేర్చితిమేమోయని మీరు అనుమానింపవలసి వచ్చును.

ఏడాది గడచిన పిదప ఆ పుదుచ్చేరి ఇంటికే మరల పోయితిమి. చేప వడ్డించిరి. 'ప్వాసోఁ' అని స్పష్టముగా పలికితిమి. ఈసారి లింగము తప్పినది: పుంలింగమునకు 'ల' అనవలసినచోట 'లా' అంటిమి. వ్రాతలో ఏనాడును చేయని తప్పు. మేము ఆగలేదు, వాక్యము ముగించితిమి. ఇంటి ఇల్లాలు మెల్లగా సరిదిద్ది, మరియొక ముక్క వడ్డించినది.