చెంచాడు తోడు

ప్రిన్సిపాల్ గారికి, పాలకవర్గం పెద్దలకు, అధ్యాపకులకు, పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన తల్లిదండ్రులకు, ఈ పూట పట్టాలు పుచ్చుకుంటున్న మీ అందరికీ నమస్కారం. వేదిక మీదున్న వారందరినీ పేరుపేరునా సంబోధించమని నాకో కాగితం ఇచ్చారు. అది రెండు వైపులా పేర్లతో నిండి ఉంది. ఈ ఉక్కలో మీచేత నల్ల గౌన్లు తొడిగించిన పాపం ఎవరిదో గానీ, అందులో నేను వాటా పుచ్చుకోదలచుకోలేదు. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం ‘సాంకేతిక రంగంలో రేపటి అవకాశాలు’. రేపటి సంగతి నాకు తెలియదు. 1995లో డీటీపీ సెంటరు పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్లు ముప్పై ఏళ్ల దాకా ఢోకా లేదన్నారు. పదేళ్లు గడవకముందే షట్టరు దించాను. అందుకని రేపటి జోలికి పోను. నిన్న నేను చేసిన రెండు తప్పుల గురించి చెబుతాను. ఒకటి దొంగతనం, రెండోది పిసినారితనం. రెండూ సాఫ్ట్‌వేరు విషయంలోనే.

మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, స్టిక్కులో పేర్చి, తిరగేసి ఉన్న తెలుగుని మనం తిన్నగా ఉన్నదాన్ని చదివినంత తేలిగ్గా చదివేవాడు. ప్రెస్సు మూతపడ్డప్పుడు ఆ అక్షరాలను ఇంకో ప్రెస్సువాళ్లు తూకానికి కొనుక్కుపోయారు. అక్కడా అవి అవే అక్షరాలు. ‘క’ ఎక్కడికి వెళ్లినా ‘క’నే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఈ మాట దగ్గరికే వస్తాను.

నేను బీకాం రెండో తరగతిలో గట్టెక్కి, అప్పు చేసి ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు కొన్నాను. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు అసలుది కొనే స్తోమత లేదు. హైదరాబాదులో ఒక సందులో నూట యాభై రూపాయలకు సీడీ దొరికింది. తెలుగు ఫాంట్లకి ఒక లాక్ ఉండేది. డాంగిల్ అనేవాళ్లం. కంప్యూటరు వెనక ప్రింటరు పోర్టులో దాన్ని గుచ్చితేగానీ అక్షరం పడేది కాదు. ఆ లాక్ లేకుండా పనిచేసే కాపీ కూడా ఎవరో ఇచ్చారు. దాన్ని మేం ‘ఫ్రీ’ అనేవాళ్లం. అది దొంగసొత్తు అన్న ఆలోచన మా వీధిలో ఎవరికీ రాలేదు. దొంగసొత్తు మీద శ్రీరామ అని టైపు చేసి, పసుపు బొట్టు పెట్టి పని మొదలుపెట్టేవాళ్లం.

ఆ రోజుల్లోనే పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు లైనక్స్ సీడీ వచ్చేది. నిజంగా స్వేచ్ఛగా వాడుకోదగిన సాఫ్ట్‌వేరు, లైసెన్సుతో సహా నా చేతికొచ్చింది. నేనేం చేశాను? మా అమ్మకిచ్చాను. ఆవిడ దారం కట్టి, పిట్టలు బెదరడానికి పాదు మీద వేలాడదీసింది. ఎలాగూ అన్నీ ఊరికే వస్తుంటే, ఈ కొత్తది నేర్చుకోవడం దేనికన్నది నా వాదన. మన ఊళ్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుని ఓడించింది డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేరు కాదు. దొంగ సీడీ ఓడించింది. కొనేవాడు ధర చూసి ఆగి ఆలోచిస్తాడు. దొంగిలించేవాడికి ఆలోచించే అవసరమే రాదు.

తర్వాత హైదరాబాదులో ఒక కంపెనీలో చేరి ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేరు అమ్మాను. మా ఇంట్లో బియ్యం, మా అమ్మాయి చదువు ఆ అమ్మకాల మీద వచ్చినవే. కాబట్టి డబ్బు పుచ్చుకోవడం తప్పని నేననను. అమ్మకాల మీద ఊళ్లు తిరుగుతూ మామూలు మనుషుల అభిప్రాయాలు వేలకొద్దీ విన్నాను. ఒక ఎరువుల దుకాణం గుమాస్తా అన్నాడు: “ట్యాలీ వస్తే ఉద్యోగం, రాకపోతే లేదు. ఫ్రీదానికి ఎవరండీ జీతమిస్తారు?” ఒక ప్రెస్సు యజమాని అన్నాడు: “పెళ్లి ముహూర్తం తెల్లారి. రాత్రి పన్నెండింటికి సాఫ్ట్‌వేరు మొరాయిస్తే ఎవరికో ఒకరికి ఫోన్ చేసి తిట్టాలి. ఊరికే ఇచ్చినవాణ్ణి తిట్టలేం.” ఒక హెడ్మాస్టరు గారు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరైన లిబ్రే ఆఫీసు చూసి, “బాగానే ఉంది, కానీ మెనూ మా ఇంటి వంటగదిలా లేదు” అన్నారు. వీళ్లలో ఒక్కరూ తెలివితక్కువవాళ్లు కారు. అలవాటుకీ, బాధ్యతకీ, పక్కన ఒక మనిషి ఉండటానికీ విలువ కడుతున్నారు. స్వేచ్ఛ అని ఉపన్యాసం దంచే మా మిత్రులు ఈ మాటలు ఓపిగ్గా వినరు.

మా అమ్మ అభిప్రాయం మరీ క్లుప్తం. పాత పెళ్లి వీడియోలు చూడాలంటే, “ఆ నారింజ రంగు టోపీ నొక్కరా” అంటుంది. అది వీఎల్‌సీ. 1996లో పారిస్ పక్కన ఒక కాలేజీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద లోకానికి వచ్చింది. అదీ మీలాంటివాళ్ల ప్రాజెక్టే! మీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నవాళ్లు కంగారు పడకండి. పట్టా చేతికి వచ్చేదాకా నేను నోరు మెదపను.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమాన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ ఇంగ్లీషువాళ్లకి ‘ఫ్రీ’ అన్న మాటతో ఒక తంటా ఉంది. ఖరీదు లేదనా, కట్టుబాటు లేదనా అని ప్రతిసారీ విడమరచి చెప్పుకోవాలి. మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమం నడిపేవాళ్లు తమ సంస్థకి ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు, వివరణ అక్కర్లేకపోయింది. కానీ మనకి మూడో మాట ఒకటుంది. ‘ఊరికే’. నా దిగులంతా దాని మీదే.

మా చిన్నప్పుడు ఇంట్లో పెరుగు అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకుని పరిగెత్తేవాళ్లం. “పిన్నీ, తోడుకి చెంచాడు పెరుగిమ్మందమ్మ.” ఇచ్చినందువల్ల పిన్ని కుండలో తరిగేదేమీ లేదు. తెల్లారేసరికి మా ఇంట్లో కుండెడు పెరుగు. ఇంకో నాలుగు రోజులకి పిన్ని పిల్లలు మా ఇంటికి గిన్నెతో వచ్చేవాళ్లు. ఇప్పుడు పెరుగు ప్యాకెట్లు వచ్చాయి. డబ్బిచ్చి కొంటాం, దాని మీద తేదీ ఉంటుంది, పులిసిపోతే అడగడానికి ఫోన్ నంబరుంటుంది. తప్పేం లేదు, నేనూ కొంటాను. డబ్బిచ్చేశాక డెయిరీకి మనం బాకీ లేం. కానీ తోడు తెచ్చుకున్నాక ఒక బాకీ ఉండిపోతుంది. అది డబ్బుతో తీరదు. మన పొయ్యి మీద పాలు కాగుతూ ఉండాలి, మన గుమ్మంలోకి ఎవరైనా గిన్నెతో వస్తే లేదనకూడదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు తోడు పెరుగు. దాన్ని ఊరికే వచ్చింది అనుకున్నాను నేను. ఇక నా రెండో తప్పు.

1998లో ఒక తెలుగు మాస్టారు నా సెంటరుకి వచ్చారు. ఇరవై ఏళ్లు సైకిలు మీద డెల్టా ఊళ్లు తిరిగి రైతుల మాటలు పోగేశారు. గొర్రు, గుంటక, నొగ, కాడి, మేడితోక, ఇలా 280 పేజీలు. టైపు చేశాను, అయిదొందల కాపీలు వేయించుకున్నారు. 2012లో ఆయన కూతురు నన్ను వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చింది. మాస్టారు పోయారు, పుస్తకం మళ్లీ వేయాలి, ఇదిగో సీడీ అంది. తెరిచాను. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలు. తెలుగు ఒక్క ముక్క లేదు. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. 1991లోనే యూనికోడ్ తెలుగుకి సొంత గదులు కేటాయించింది, మేమే అటు వెళ్లలేదు. నాన్న సీసపు ‘క’ ఏ ప్రెస్సుకి పోయినా ‘క’. నా ‘క’ నా కంప్యూటరు గడప దాటితే గాడిద గుడ్డు.

“డబ్బులిచ్చాం కదండీ, మా నాన్న మాటలు మాకు రాకపోవడమేంటి?” అందావిడ. నా దగ్గర జవాబు లేదు. దొంగ కాపీ వాడినవాడు ఎవరికి ఫోన్ చేస్తాడు?

ఆదుకున్నది ‘పద్మ’. వెన్న నాగార్జున గారు రాసి, మూలంతో సహా లోకానికి వదిలిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మారుస్తుంది. నా ఫాంటు కూర్పుకి అచ్చంగా సరిపోలేదు గానీ, ఏ గుర్తుకి ఏ తెలుగు అక్షరమో చెప్పే దాని పట్టికలు కళ్లెదుట ఉన్నాయి కనక దారి తెలిసింది. మేం కంటికి కనిపించే వరసలో టైపు చేసేవాళ్లం, యూనికోడ్‌కి పలికే వరస కావాలి. మొదటి రోజు ప్రతి ‘గొర్రు’ కాస్తా ‘గొరు’ అయి కూర్చుంది. నాలుగు నెలల రాత్రులు పట్టింది. చివరికి పుస్తకం వచ్చింది. దేశికాచార్యులు గారు ఉచితంగా ఇచ్చిన పోతన ఫాంటులో మొదటి ప్రతి అచ్చుతీసి ఆవిడ చేతిలో పెట్టాను. లోపలి పేజీలో నా పేరు వేశారు. పొంగిపోయాను.

నేను దిద్దిన ఆ పట్టిక ‘ఫైనల్ 3’ అనే పేరుతో నా కంప్యూటర్లో ఏడేళ్లు పడుంది. ఎవరికీ ఇవ్వలేదు. దాచాలనీ కాదు. ఇవ్వాలని తోచలేదు. 2019లో నరసరావుపేటలో ఒక పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్న కుర్రాడు తన కష్టం చెప్పుకొచ్చాడు. వాళ్ల తాతగారి పద్యాలు, అదే ఫాంటు, అయిదు నెలల పని. “వత్తుల దగ్గర చచ్చిపోయాను సార్” అన్నాడు. విస్తరిలో గుత్తి వంకాయ కూర ఉంది. నాకు ముద్ద దిగలేదు.

ఇది నా ఒక్కడి పిసినారితనం అయితే ఈ సభలో చెప్పక్కర్లేదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. లోకంలో బ్యాంకులూ దుకాణాలూ రహస్యాలు దాచుకునే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో అది రెండేళ్లుగా ఉంది. అప్పట్లో ఆ సాఫ్ట్‌వేరు మీద పూర్తికాలం పనిచేసేది ఒకే ఒక్క మనిషి. ఏడాదికి వచ్చే చందాలు సుమారు 2000 డాలర్లు. కోట్లమంది తోడు పట్టుకెళ్లారు, పిన్ని ఇంట్లో పాలున్నాయా అని ఒక్కరూ అడగలేదు. 2024 మార్చిలో మరోటి. ఎక్స్‌జెడ్ అనే చిన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుని ఒక్కడే, తీరిక వేళల్లో, అలసిపోతూ చూసుకునేవాడు. సాయం చేస్తానని చేరినవాడెవడో రెండేళ్లు నమ్మించి అందులో దొంగదారి పెట్టాడు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని కూపీ లాగాడు. అప్పటికి ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. అమ్మే కంపెనీ జీతం తింటున్నవాడు ఊరందరి కుండనీ కాపాడాడు. కాబట్టి ఇటువాళ్లు దేవతలు, అటువాళ్లు రాక్షసులు అని మీ బుర్రలో ఎవరైనా పెడితే తీసెయ్యండి.

కంప్యూటర్ సైన్సు వాళ్లకే ఇవన్నీ అని వెనక వరసలో బీఏ వాళ్లు ఫోన్లు తీశారు, చూస్తూనే ఉన్నాను. లోపల పెట్టండి నాయనా, ఇది మీకే. కోడు రాయనక్కర్లేదు. తెలుగు మెనూలో ‘సేవ్’ అన్నచోట తప్పు అనువాదం కనిపిస్తే నవ్వుకుని స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెడతారు కదా, అదే బొమ్మని ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసినవాళ్లకి పంపండి. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన గిడుగు, సురవరం, మల్లన్న ఫాంట్లతో పెళ్లి శుభలేఖ వేసుకున్నప్పుడు ఏ వత్తు అతుక్కుపోయిందో వాళ్లకి ఒక ముక్క రాయండి. కొనాల్సినదాన్ని కొనండి. కొనలేకపోతే స్వేచ్ఛగా దొరికేది నేర్చుకోండి. మూడో దారి, అంటే నా 1995 దారి, తొక్కకండి. మీ నాన్నగారి ఉత్తరాలో, మీ థీసిస్సో ఏ పెట్టెలో దాస్తున్నా, తాళం మీ దగ్గర కూడా ఉందో లేదో చూసుకోండి. ఇది తిట్టు అనుకుంటే తిట్టే. మా అమ్మాయిని ఇంతకన్నా గట్టిగా తిట్టాను.

ఆ పెళ్లి నుంచి ఇంటికెళ్లిన రాత్రే నా పట్టికని అందరికీ కనిపించేలా పెట్టాను. రెండేళ్లు ఎవరూ పలకలేదు. ఒకరోజు ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర్నుంచి ఉత్తరం. నమస్కారం లేదు, ధన్యవాదాలు లేవు. “కొన్నిచోట్ల ‘మ’ రావలసినచోట ‘వు’ వస్తోంది. దిద్ది జతచేశాను.” వెళ్లి చూశాను. నిజమే. ‘మ’, ‘వు’ కంటికి ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. మాస్టారి పుస్తకంలో నేనే నాలుగుసార్లు ప్రూఫులు దిద్ది దాటేసిన తప్పు అది. తిరగేసిన సీసాన్ని చదివిన మా నాన్నయితే పట్టేవాడు. ఆ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను, దాంతోపాటే కుండలో పెరుగు తోడుకుందని తెలిసింది.

ఇక చాలు. ఫొటోలు దిగి గౌన్లు విప్పండి. అవి అద్దెవిట. సాయంత్రంలోగా తిరిగి ఇవ్వాలి.