ఎండాకాలపు విత్తనం: ఎంచుకునేది ఎవరు?

(గ్రామీణ మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



'స్త్రీలు – ఆహార హక్కు' అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పెద్ద అంశం. రేషను దగ్గర నుంచి రక్తహీనత దాకా చాలా విషయాలు మాట్లాడవచ్చు. కానీ ఈ పూట నేనొక చిన్న విషయమే తీసుకుంటాను. ఎండాకాలం మొదట్లో పెరట్లో ఏ కూరగాయ విత్తనం పెట్టాలి అన్నది. వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వొచ్చు. 2012కి ముందైతే నేనూ నవ్వి ఉండేదాన్నే.

ఆ ఏడాది నేను మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెలో క్షేత్ర పరిశోధన చేస్తున్నాను. అప్పుడే ఒక పథకం కింద సంఘంలోని ఆడవాళ్ళకి కూరగాయల విత్తనాల పాకెట్లు పంచారు. పంచిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. పథకం ఎలా నడిచిందో ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపే పని నాకు అప్పజెప్పారు. డబ్బులు అవసరమై ఒప్పుకున్నాను. పాకెట్లు ఉగాది దాటాక, మార్చి చివర్లో వచ్చాయి. వాటిలో టమాటా, క్యాబేజీ, క్యారెట్ ఉన్నాయి. బెండ కూడా ఉంది గానీ అది సంకర విత్తనం. మే నెలలో నేను ఫారాలు పట్టుకుని వెళ్ళేసరికి చాలా ఇళ్ళల్లో పాకెట్లు విప్పనైనా విప్పలేదు. విప్పి పెట్టినచోట టమాటా మొక్కలు నిలబడ్డాయి గానీ కాయలు లేవు. ఫారంలో 'విఫలమవడానికి కారణం' అని ఒక గడి ఉంది. దాని కింద నాలుగు జవాబులు ముందే అచ్చు వేసి ఉన్నాయి. ఎక్కువ ఫారాల్లో నేను 'అవగాహనా లోపం' దగ్గరే టిక్కు పెట్టాను. ఇది నేను స్వయంగా చేసిన పని. అందుకే మీ ముందు చెబుతున్నాను.

ఒక ఇంట్లో అరవై దాటిన ఒక ముసలామె నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, పాకెట్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "టమాట పూస్తది, కాయదు. ఈ ఎండకు పూతంత రాలుతది. గోబిగడ్డ అసలే కాదు. ఇంత సదువుకున్నరు, గది తెల్వదా బిడ్డా?" అంది. నాకు నిజంగానే తెలియదు. నేను సామాజిక శాస్త్రం చదివాను గానీ టమాటా చదవలేదు. తర్వాత వ్యవసాయ శాస్త్రం పుస్తకాలు తిరగేస్తే ఆమె చెప్పిందే వాటిలోనూ ఉంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. క్యాబేజీ గడ్డ కట్టాలన్నా, క్యారెట్ ఊరి రంగు తేలాలన్నా 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. పాలమూరులో ఏప్రిల్ నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

"మరి నువ్వేం పెట్టినవ్ అవ్వా?" అని అడిగాను. ఆ గడి నా ఫారంలో లేదు. ఆమె చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది.

స్నానాల నీళ్ళు పారే చోట సొర పాదు ఉంది. ఆమె మాటలో ఆనిగెపు కాయ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది కదా, ఆ వారంలోనే గింజ పెట్టేసింది. తొందర ఎందుకంటే, ఎండ ముదిరి పగళ్ళు పొడుగైన కొద్దీ ఈ తీగజాతికి మగపూలు ఎక్కువై, ఆడపూలు తగ్గుతాయి. పిందె ఆడపువ్వుకే కదా వచ్చేది. "ఉత్త మగపూలు పూస్తే ఏం ఫాయిద?" అని ఆమె అంటే చుట్టూ చేరిన ఆడవాళ్ళంతా నవ్వారు. ఎందుకు నవ్వారో ఈ సభలో వివరించనవసరం లేదు. కాకర గింజకి పెంకు గట్టి, రాత్రంతా నానబెట్టి పెట్టింది. గోడవారన గోకర ఒక సాలు. మనం గోరుచిక్కుడు అంటామే, అది. దాని వేరు లోతుకు దిగుతుంది. రెండు రోజులు నీళ్ళు లేకపోయినా తట్టుకుంటుంది. చిక్కుడు జాతి కాబట్టి నేలకి సత్తువ కూడా ఇస్తుంది. తోటకూర గింజ మరీ సన్నం, చీమలు ఎత్తుకుపోకుండా పొయ్యి బూడిదలో కలిపి చల్లింది. పుంటికూర ఉంది. గంగవాయిలి కూర ఎవరూ పెట్టకుండానే తడి ఉన్నచోటల్లా పాకింది. దాన్ని పీకెయ్యకుండా ఉంచడం కూడా ఒక ఎంపికేనని నాకు ఆలస్యంగా అర్థమైంది.

బెండ మాత్రం పది మొక్కలే ఉంది. బెండ ఎండని ఇష్టపడే మొక్క, నేల వెచ్చబడితే గానీ గింజ సరిగ్గా మొలవదు. మరి పదే ఎందుకు? దీనికి ఆమె చెప్పిన జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. బెండకాయ రోజు మార్చి రోజు కోయాలి. ఒక కోత తప్పితే ముదిరి పీచవుతుంది, చెట్టు కాపూ తగ్గుతుంది. ఆ నెలల్లో ఆమె, కోడలు ఇద్దరూ పొద్దున ఆరింటికల్లా ఉపాధి హామీ పనికి వెళ్ళేవాళ్ళు. వచ్చేసరికి పన్నెండు. నల్లా నీళ్ళు వచ్చేది తొమ్మిదింటికి, అదీ రోజు విడిచి రోజు. అందుకని చీకట్లో కోసుకోగలిగినన్ని బెండ మొక్కలు వాకిట్లో పెట్టింది. ఆగగలిగిన గోకర దూరంగా పెట్టింది. వాడిన నీళ్ళతో బతికే సొరను స్నానాల గది పక్కన పెట్టింది. పైగా ఎండాకాలం తెల్లదోమ ఎక్కువ, బెండకి ఆకు ఈనెలు పచ్చబడే పల్లాకు తెగులు అంటిస్తుంది. ఎక్కువ పెడితే ఎక్కువ పోతుంది. అంటే వేడి, నీరు, పురుగు, కూలి పనివేళ, కోడలి ఓపిక అన్నీ లెక్కవేసి చేసిన నిర్ణయమది. ఆ ఇంటి ఫారం మీద నేను పెట్టిన టిక్కు ఏదో మీకు గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇలాంటి కథ విన్నప్పుడు 'ఆహా, మన పల్లెటూరి స్త్రీల సంప్రదాయ జ్ఞానం!' అని పొంగిపోవడం మనవాళ్ళకి ఒక అలవాటైంది. నాకది చిరాకు. అదే పెరట్లో మొదటి లేత సొరకాయ అల్లుడు వచ్చినరోజున కోశారు. నాలుగు కాయలు ఎక్కువైతే కొడుకు సంతకి తీసుకెళ్ళాడు. ఆ డబ్బు ఆమె చేతికి రాలేదు, ఆమె అడగనూ లేదు. ఎంచుకోవడం ఆమెది, నీళ్ళు మోయడం ఆమెది, ఫలితం మీద మాట మాత్రం ఆమెది కాదు. ఆ పల్లెలో బోరు ఉన్న ఇళ్ళల్లో కూడా బోరు నీళ్ళు ఏ పంటకి పారాలో చెప్పేది మగవాళ్ళే. వరికి పారగా మిగిలితేనే బీరపాదుకి.

దళితవాడలో పరిస్థితి ఇంకో రకం. కాలనీ ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి. ఇంటి పట్టా ఆడమనిషి పేరునే ఉంది, అది మంచిదే, పోరాడి సాధించుకున్నదే. కానీ ఆ పట్టాలో పెరడు లేదు. ఒకామె పగిలిన కుండలో బచ్చలి పెట్టి కప్పు మీదికి పాకించింది. ఇంకొకామె పటేలు చేను గట్టు మీద గోకర పెట్టుకుంది. గట్టు వాడుకోనిచ్చినందుకు వారానికి రెండు పొద్దులు ఆయన కొట్టంలో పేడ ఎత్తాలి, కూలి లేకుండా. నా ఫారంలో ఈ ఇద్దరికీ రాయాల్సింది ఒకటే మాట: 'పెరడు లేదు, అనర్హులు'. పెరటి తోట పథకం అనగానే పెరడు ఉన్న కులాల పథకం అయిపోతుందని పైన కూర్చుని రాసినవాళ్ళకి తోచలేదు. మోసేటప్పుడు నాకూ తోచలేదు.

ఇక లెక్కల సంగతి. మేము ఆ ఊళ్ళో ఉన్న కాలంలోనే జాతీయ నమూనా సర్వే సంస్థ 68వ విడత ఉపాధి సర్వే జరిగింది, 2011 జులై నుంచి 2012 జూన్ దాకా. ఈ సర్వేల్లో ప్రతి మనిషికీ ఒక సంకేత సంఖ్య ఇస్తారు. ఇంటి పని మాత్రమే చేసే మనిషికి 92. ఇంటి పనితో పాటు కట్టెలు, కూరలు, గడ్డి ఏరుకొచ్చి, బట్టలు కుట్టి ఇంటి అవసరాలు తీర్చే మనిషికి 93. ఈ రెండు సంఖ్యలు పడ్డవాళ్ళు శ్రామికుల లెక్కలోకి రారు. చిత్రమేమంటే, అలా తీసేసిన ఆడవాళ్ళని ఆ విడతలో మళ్ళీ విడిగా ఇంకొన్ని ప్రశ్నలు అడిగారు. అందులో ఒకటి, పెరటి తోట చూసుకుంటున్నావా అని. అంటే పని జరుగుతోందని ప్రభుత్వానికి తెలుసు, రాసుకుంది కూడా. పని అని మాత్రం అనలేదు. 2019లో దేశమంతటా జరిగిన సమయ వినియోగ సర్వేలో సొంత వాడకానికి వస్తువులు పండించుకోవడాన్ని ఒక విభాగంగా పెట్టారు. స్త్రీవాద ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి పోరగా అంతవరకు వచ్చింది.

దీనికి పక్కనే ఇంకో కాగితం పెట్టి చూడండి. 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం వచ్చింది. అందులో రైతు అంటే ఎవరో నిర్వచనం ఉంది. నేల దున్ని పండించే మనిషి సరే. దానితోపాటు సంప్రదాయ రకాలను కాపాడుతూ, వాటి మంచి గుణాలను గుర్తించి ఎంపిక చేస్తూ విలువ పెంచే మనిషి కూడా రైతే. ఈ మాటకి పట్టాదారు పాసు పుస్తకంతో పనిలేదు. మా అవ్వ ఏం చేసేదంటే, తీగ మీద మొదట్లో నిలిచిన నిండు కాయని గుర్తు కట్టి ముదరనిచ్చేది. అదే పాదు కాయ ఒకటి కోసి నాలుక మీద పెట్టి చూసేది. చేదు తగిలితే ఆ పాదు గింజ ఉంచేది కాదు. చేదు సొర వాంతులు చేయిస్తుందని ఆమెకి తెలుసు. ఎండిన కాయని పొయ్యి మీది దూలానికి కట్టేది, పొగకి పురుగు పట్టకుండా. ఇది ఎంపిక కాకపోతే ఇంకేమిటి? కూలికి పోని రోజుల్లో సర్వే లెక్కన ఆమె 93. చట్టం లెక్కన రైతు. విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, పంచుకోవడం, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవడం కూడా ఆ చట్టం ప్రకారం ఆమె హక్కు. మన సంఘాల్లో ఎంతమందికి ఈ సంగతి చెప్పాం? జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు విత్తనాన్ని తమ చేతిలో ఉంచుకుని, ఏరుకునే ఆకుకూరలను కూడా ఆహారంగా లెక్కకట్టి చూపించారు. 2019లో ఆ సంస్థకి ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బహుమతి రాకపోయినా ఆ పని అంతే విలువైనది.

మీరు రేపు ఊళ్ళకి వెళ్ళి విత్తనాలు పంచేవాళ్ళు కాబట్టి ఒకటి రెండు పనికొచ్చే మాటలు చెబుతాను. పాకెట్లు కొనకముందు, సంక్రాంతి వెళ్ళగానే, ఊళ్ళో ఏ గింజలు ఉన్నాయో, ఏవి పోయాయో అడగండి. శివరాత్రి దాటాక తెచ్చే విత్తనం వేసవికి అందదు. సంకర విత్తనం ఇస్తే, దాని గింజ మరుసటేడు అదే కాపు ఇవ్వదని ఇచ్చేటప్పుడే చెప్పండి. అది చెప్పకపోవడం మోసం. నీళ్ళు ఎక్కడివి, కోసేది ఎవరు, ఏ వేళకి అని అడగండి. పెరడు లేనివాళ్ళకి బడి ఆవరణో, పంచాయతీ జాగానో ఇప్పించేదాకా అధికారులని వదలకండి. ఫారం అచ్చు వేసేటప్పుడు 'మీరేం పెట్టారు, ఎందుకు?' అనే గడికి సగం పేజీ వదలండి.

హైదరాబాదులో నా మేడ మీద ఇప్పుడు నాలుగు సంచుల్లో తోటకూర, బెండ ఉన్నాయి. మా అపార్టుమెంటులో అందరూ మెచ్చుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు. నేను చేస్తే అభిరుచి, అవ్వ చేస్తే ఇంటి చాకిరీ. బోరు నీళ్ళు గొట్టంతో పడతాను. ఒక్క బిందె మోయలేదు.

పోయినేడు ఆ ఊరు వెళ్ళాను. అవ్వ లేదు, చనిపోయి ఐదేళ్ళయిందట. పాత ఇల్లు తీసేసి స్లాబు వేశారు. గ్యాసు పొయ్యి వచ్చింది. అది వద్దని ఏ స్త్రీవాదీ అనదు, పొగలో ఆమె కళ్ళు ఎలా ఉండేవో నేను చూశాను. దూలం పోయింది, దాని మీద వేలాడిన సొరకాయ పోయింది. రెండేళ్ళు కోడలు బజారు పాకెట్టే పెట్టిందట. తీగ బాగా పాకిందట గానీ, దాచిన గింజ మరుసటేడు ఒక్కో తీగకి ఒక్కో రకం కాసిందట. అప్పుడు గుర్తొచ్చిందట, ఎప్పుడో అత్తగారు ఆ గింజలు ఆడబిడ్డకి ఒడిబియ్యంతో పాటు కొంగున కట్టి పంపిన సంగతి. నారాయణపేట దిక్కు ఆడబిడ్డ ఇంటికి వెళ్ళి అడిగితే గుడ్డ మూటలో పన్నెండు గింజలు ఇచ్చింది.

నేను వెళ్ళిన రోజుకి అవి మొలిచాయి. తొమ్మిది మొలకలు. స్నానాల గది పక్కనే.